నిలవ ఉండని సరుకుకు కొరత వస్తే

(చల్లపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఉల్లిపాయల గురించి మాట్లాడతామని కరపత్రంలో వేసినప్పుడు కొందరు నవ్వారు. "దివిసీమలో ఉల్లి ఎక్కడ పండుతుందండీ? ధాన్యం కొనుగోలు, కాలువ చివరి భూములకు నీళ్లు, కౌలు కార్డులు వదిలేసి ఇదేం గోల?" అని అడిగారు. అడగడంలో న్యాయం ఉంది. మనది వరి, దాని వెనక మినుము, లంకల్లో అరటి, పసుపు, కంద, కూరగాయలు, కిందికి పోతే రొయ్యల చెరువులు. ఉల్లిని మనం కొనుక్కుంటాం. అందుకే దాన్ని ఎంచుకున్నాం. మిగతా సరుకుల్లో మనం అమ్మేవాళ్లం, ఇందులో సంచి పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లం. రెండు వైపుల నుంచీ చూస్తే తప్ప కొరత కాలంలో సరుకు ఎలా నడవాలో అర్థం కాదు.

2019 డిసెంబర్ గుర్తు తెచ్చుకుందాం. బజారులో కిలో ఉల్లి వంద దాటింది. రాష్ట్ర ప్రభుత్వం కర్నూలు నుంచి, బయటి రాష్ట్రాల నుంచి కొని రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించింది. మంచి పనే. డిసెంబర్ 9న గుడివాడ రైతు బజారులో ఆ ఉల్లి వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన కుప్పకూలి చనిపోయారని పత్రికలు రాశాయి. ఆయన పోయింది వరుస వల్లనా, వేరే కారణం వల్లనా అని అసెంబ్లీలో అధికార పక్షం, ప్రతిపక్షం వాదించుకున్నాయి. ఆ వాదనలోకి మేం దిగం. ఆ కుటుంబాన్ని మళ్లీ రచ్చకు ఈడ్చే ఉద్దేశం లేదు. మేం అడిగేది వేరు. 25 రూపాయల ఉల్లి ఉన్నప్పుడు అది ఎంత ఉందో, ఎందరికి సరిపోతుందో, ఏ గంటకు అయిపోతుందో బయట నిలబడ్డ మనిషికి ఎందుకు తెలియదు? అంత పొడుగు వరుస ఎందుకు అవసరమైంది?

దానికి జవాబు బజారు గేటు దగ్గర దొరకదు. ఆరు నెలలు వెనక్కి పోవాలి.

ఉల్లి దేశంలో ప్రధానంగా రెండు కాపులుగా వస్తుంది. రబీ ఉల్లి ఏప్రిల్, మే నెలల్లో తవ్వుతారు. అది ఎండు కాలంలో తయారవుతుంది కాబట్టి సరిగ్గా ఆరబెట్టి, గాలి ఆడే పాకలో పెడితే నాలుగైదు నెలలు ఆగుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా దేశం తినేది ఆ నిలవ సరుకే. ఖరీఫ్ ఉల్లి వానల్లో పెరుగుతుంది, పాయలో నీరు ఎక్కువ. మన కర్నూలు వైపు పండేదీ చాలావరకు ఇదే, అక్కడ దాన్ని ఉల్లిగడ్డ అంటారు. అది వారాల్లో అమ్ముడుపోవాలి, నెలలు ఆగదు. అంటే ఏటా సెప్టెంబరు, అక్టోబరులో ఒక సందు ఉంటుంది. పాత నిలవ అడుగంటుతుంది, కొత్త కాపు ఇంకా రాదు. ఆ సందులో వాన తేడా చేస్తే చాలు, ధర ఎగిరిపోతుంది. 2019లో అదే జరిగింది. మహారాష్ట్రలో అక్టోబరు, నవంబరు వానలకు పొలంలోనే పంట పోయింది. ఖరీఫ్ దిగుబడి నాలుగో వంతుకు పైగా తగ్గిందని కేంద్రమే చెప్పింది.

ఇది పిడుగులా ఊడిపడేది కాదని గమనించండి. సందు ఎప్పుడు వస్తుందో మార్కెట్ యార్డులో హమాలీకి కూడా తెలుసు. ప్రభుత్వానికి మాత్రం ఏటా కొత్తగానే ఉంటుంది.

అప్పుడు కేంద్రం ఏం చేసింది? సెప్టెంబర్ 29న ఎగుమతులు నిషేధించింది. అదే రోజు చిల్లర వ్యాపారి 100 క్వింటాళ్లకు, టోకు వ్యాపారి 500 క్వింటాళ్లకు మించి ఉంచుకోకూడదంది. డిసెంబర్ మొదటి వారంలో ఆ పరిమితిని సగానికి తగ్గించింది. వారం తిరగకముందే చిల్లర వ్యాపారికి 20 క్వింటాళ్లకు దించింది. ఈలోగా నవంబరులో లక్షా ఇరవై వేల టన్నుల దిగుమతికి మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. టర్కీ, ఈజిప్టు నుంచి ఓడల్లో ఉల్లి బయలుదేరింది.

ఓడ రావాలంటే వారాలు పడుతుంది. సరుకు పెద్ద మొత్తంలో రేవుకు చేరేసరికి జనవరి వచ్చింది. జనవరిలో ఇంకేం వచ్చింది? ఆలస్యమైన ఖరీఫ్ ఉల్లి. ధర దిగడం మొదలైంది. డిసెంబరులో మాకు కావాలి, మాకు కావాలి అన్న రాష్ట్రాలే వెనక్కి తగ్గాయి. ఆ పాయ లావు, రుచి వేరు, మన కూరలోకి నప్పలేదు. అప్పటికి ఆ సరుకు ఎత్తుకున్న కొద్ది రాష్ట్రాల్లో మనదీ ఒకటని కేంద్ర మంత్రే చెప్పారు. కిలో యాభై పైన పడ్డ ఉల్లిని సగానికంటే తక్కువకు ఇస్తామన్నా పట్టుకెళ్లేవాడు లేక ముంబై రేవులో కుళ్లుతోందని వార్తలొచ్చాయి. ఎగుమతి నిషేధం మాత్రం మార్చి 15 దాకా ఎత్తలేదు. అప్పటికి ధర పడిపోయి రైతు లబోదిబోమంటున్నాడు.

ఒక్క శీతాకాలంలో రెండూ చూశాం. గుడివాడలో కిలో ఉల్లి కోసం వరుస, రేవులో టన్నుల కొద్దీ కుళ్లు. సరుకు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. నిలవ ఉండని సరుకుకు కొరత వచ్చినప్పుడు చూసుకోవాల్సింది బస్తాల లెక్క కంటే రోజుల లెక్క. ధర నెత్తికెక్కిన రోజు పెట్టిన ఆర్డరు ధర పడిపోయిన రోజు దిగుతుంది. బియ్యమైతే గోదాములో పడి ఉంటుంది, వచ్చే ఏడు పనికొస్తుంది. ఉల్లి ఉండదు, టమాటా అసలుండదు.

టమాటా అంటే 2023 గుర్తొస్తుంది. జూలైలో కిలో వంద దాటి ఇంకా పైకి పోయింది. రాష్ట్ర ప్రభుత్వం మదనపల్లె వైపు కొని రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. ఆగస్టులో నేపాల్ నుంచి తెప్పిస్తున్నామని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరుకి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో రైతులు టమాటా రోడ్డు పక్కన పారబోశారు. రెండు నెలలే తేడా. జూలై ధర చూసి మొక్క నాటినవాడి పంట సెప్టెంబరులో కోతకొచ్చింది. ప్రభుత్వం ఓడలు తెప్పించినట్టే రైతూ ధర చూసి నాటాడు. తేడా ఏమిటంటే ఓడ నష్టం ఖజానా భరిస్తుంది, మొక్క నష్టం మనం భరిస్తాం.

మధ్యలో ఒక ప్రశ్న చీటీ మీద వచ్చింది. "వ్యాపారి దాచిపెట్టబట్టే కదా కొరత?" అని. కొంతవరకు నిజం, కానీ ఏ నెలలోనన్నది ముఖ్యం. జూన్, జూలైలో రబీ ఉల్లి టోకు వ్యాపారి చేతిలో పేరుకుంటుంది. ధర పెరిగేదాకా ఆగే శక్తి అతనికుంది. అప్పు తీర్చాల్సిన రైతు మే నెలలోనే అమ్ముకుంటాడు. అక్కడ దాపరికం ఉంటుంది. డిసెంబరులో ఖరీఫ్ ఉల్లిని దాచేవాడు ఎవడూ ఉండడు, దాస్తే కుళ్లుతుంది. మరి పరిమితులు బిగించిందీ, తనిఖీలు చేసిందీ ఏ నెలల్లో? పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక మూత వెతికినట్టుంది.

2020లో నిత్యావసర సరుకుల చట్టాన్ని సవరించి, కూరగాయలు, పళ్ల ధర రెట్టింపైతే తప్ప నిలవలపై పరిమితి పెట్టకూడదన్నారు. దాంతో పాటు వచ్చిన మరో రెండు చట్టాలనూ కలిపి రైతాంగం ఏడాదికి పైగా పోరాడి 2021 నవంబరులో రద్దు చేయించింది. ధర రెట్టింపయ్యేదాకా కళ్లు మూసుకోమనడం తప్పు. కానీ పాత చట్టం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా నడుస్తుందనీ మేం అనం. 2019లో పాత చట్టమే ఉంది. మేం అడుగుతున్నది జూన్ నుంచే టోకు వ్యాపారి దగ్గర ఎంత నిలవ ఉందో వారం వారం ప్రకటించాలని. దాడులు తర్వాత సంగతి, ముందు లెక్క బయట పెట్టండి. ఆ లెక్క మనకు తెలిస్తే నాట్లకూ పనికొస్తుంది.

నిలవ పెట్టేవాడి కష్టం కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒక రైతు మే నెలలో కిలో 12 రూపాయల లెక్కన వంద కిలోలు పాకలో పెట్టాడనుకుందాం. 1,200 రూపాయల సరుకు. మామూలు పాకలో నాలుగైదు నెలలకు ఎండి తూకం తగ్గేది, మొలకెత్తేది, కుళ్లేది కలిపి మూడో వంతు దాకా పోతుందని అంచనా. ముప్పై కిలోలే పోయాయనుకోండి. మిగిలిన డెబ్బై కిలోల మీద లెక్కేస్తే కిలో 17 దాటింది. ఏరిన కూలి, పాక ఖర్చు, అప్పు మీద వడ్డీ ఇంకా కలపలేదు. ఇంత ఓర్చి అక్టోబరు దాకా ఆగినవాడికి సరిగ్గా అమ్మే రోజున ఎగుమతి నిషేధం వస్తే మళ్లీ ఏడు వాడు నిలవ పెడతాడా? పెట్టడు. మేలోనే తెగనమ్ముతాడు. నిలవ అంతా ఆగగల వ్యాపారి చేతికి పోతుంది. నిషేధం దళారీని కొడుతుందని చెబుతారు గాని చేతిలో సరుకున్న రైతునీ కొడుతుంది. 2023 డిసెంబర్ 8న మళ్లీ నిషేధించి 2024 మే 4న ఎత్తారు, అదీ 40 శాతం సుంకం వేసి. ఆ సుంకం పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1న. అదే 2025 ఆగస్టు, సెప్టెంబరులో కర్నూలు యార్డులో ఉల్లిని అడిగే నాథుడు లేకపోయాడు. ప్రభుత్వం మొదట క్వింటా 1,200 చొప్పున కొంటామంది, తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించింది. 2019లో ఇదే యార్డులో క్వింటా పది వేలు దాటింది.

ఇక మన నేల మీదికి వద్దాం. మనకు కొరత కాలపు పాఠం ఉల్లి నేర్పితే, మిగులు కాలపు పాఠం రొయ్య నేర్పింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే శుద్ధి కర్మాగారాలు ఆగాయి, కొనుగోళ్లు ఆగాయి, ధర కూలింది. కౌంటును బట్టి కనీస ధరలు ప్రకటించాల్సి వచ్చింది ప్రభుత్వానికి. ఆ రోజుల్లో రొయ్య రైతుకు చెరువే గోదాము. పట్టకుండా ఉంచితే రోజూ మేత, ఏరియేటర్ల కరెంటు, తెగులు భయం. పడితే ఐసు కావాలి, గంటల్లో లారీ ఎక్కాలి. లంకలో అరటి గెలదీ అదే కథ, కాకపోతే చెట్టు మీద నాలుగు రోజులు ఎక్కువ ఓపిక పడుతుంది. కంద నయం, నెలలాగుతుంది. సరుకు సరుకుకీ ఎన్ని రోజుల ప్రాణం ఉందో మనకు తెలిసినంతగా కలెక్టరాఫీసులో ఎవరికీ తెలియదు. ఆ తెలివిడి పట్టుకుని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, సరుకు ఎక్కడ ఉంచాలన్నది. ప్రతి మండలంలో ఉల్లి గోదాము కట్టాలని కొందరు మిత్రులు తీర్మానం పంపారు. మేం ఒప్పుకోలేదు. కారణం మన గాలి. ఉల్లికి పొడి గాలి కావాలి. సముద్రం పక్కన, కాలువల మధ్య ఉన్న మన ఊళ్లలో వానాకాలం గోడలే చెమర్చుతాయి. ఇక్కడ గోనె సంచుల్లో కట్టి నెలల తరబడి పెడితే అడుగు బస్తా ముద్దవుతుంది. నెలల నిలవ పండే చోటే, పొడి నేలలోనే ఉండాలి. నేలకు ఎత్తుగా కట్టి, కింది నుంచి, పక్కల నుంచి గాలి ఆడేలా, నాలుగైదు అడుగులకు మించి పోగు వేయకుండా కట్టే పాకలకు కర్నూలు రైతులకు సాయం పెంచమని అడగాలి. వాళ్ల కోసం మనం అడగడమేమిటనుకోకండి. మన వరుస పొట్టిగా ఉండేది వాళ్ల పాక బాగుంటేనే. పైగా ఆ పాకలో ఉంచదగింది రబీ ఉల్లే కాబట్టి అక్కడ రబీ సాగు పెరిగేలా నీరు, విత్తనం చూడాలి. ఖరీఫ్ ఉల్లికి పాక కట్టి లాభం లేదు.

మన దగ్గర ఉండాల్సింది తిరిగే సరుకు. పెద్ద లారీ లోడు ఒకేచోట దించి పది రోజులు అమ్మే పద్ధతి మానాలి. చల్లపల్లిలో రోజుకు ఒక టన్ను పోతుందనుకుంటే, ఏడు టన్నులు ఒక్కసారి దించితే చివరి రెండు రోజులు అమ్మేది ఏరివేత సరుకే. రెండు రోజులకు రెండు టన్నులు చాలు. లారీ ఖర్చు పెరుగుతుందంటారు. ఒకే లారీ గుడివాడలో కొంత, పామర్రులో కొంత, చల్లపల్లిలో కొంత, అవనిగడ్డలో కొంత దించుకుంటూ పోతే పెరగదు. కిరాణా సరుకు పంచే చిన్న వ్యాను ఏళ్ల తరబడి చేస్తున్న పనే ఇది. దించిన సరుకులో ముందు వచ్చింది ముందు అమ్మాలన్నది కొట్టు లెక్క. ఉల్లికి ఇంకో లెక్క ఉంది, ముందు మెత్తబడేది ముందు పోవాలి. దించిన రోజే ఏరి, మెత్తబడేదాన్ని హోటళ్లకూ హాస్టళ్లకూ తగ్గించి అమ్మేయాలి. అలా చేయకుండా గట్టిదాంట్లో కలిపి తూచితే ఏమవుతుంది? మనిషికి కిలోనే అంటూ ఇచ్చిన కిలోలో పావు కిలో కుళ్లు. కొరత రోజున జనం ఎంచుకోలేరు, పోసింది తీసుకుని పోతారు. అది కాటా మోసం కిందికే వస్తుంది.

వరుస సంగతి. డిసెంబర్ అంటే మన దగ్గర వరి కోతలు, కుప్పలు, మినుము చల్లడం. కూలికి వెళ్లే ఆడమనిషి పొద్దున్నే రైతు బజారులో నిలబడితే అర పూట కూలి పోతుంది. వంద రూపాయల ఉల్లి 25కి దొరికితే మిగిలేది 75. అర పూట కూలి దానికన్నా ఎక్కువే. అంటే ఆ రాయితీ ఎవరికి అందింది? తీరిక ఉన్నవాళ్లకూ, ఇంట్లో పనికి పోలేని ముసలివాళ్లను పంపినవాళ్లకూ. ముసలివాళ్లు వరుసలో ఎందుకు నిలబడాల్సి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఊరిలో రేషను డిపో ఉంది, రైతు సేవా కేంద్రం ఉంది, సహకార సంఘం ఉంది. ముందు రోజు చీటీలిచ్చి, ఏ వీధికి ఏ పూట అన్నది చెప్పి, సాయంత్రం కూడా అమ్మితే వరుస అక్కర్లేదు. సరుకు సగమే వస్తే మనిషికి అర కిలో ఇవ్వండి, అందరికీ ఇవ్వండి. ముందొచ్చిన సగం మందికి కిలో ఇచ్చి మిగతా సగాన్ని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి అయిపోయిందనడం మాత్రం వద్దు. పొద్దున ఎంత వచ్చింది, ఇప్పుడెంత ఉంది, మళ్లీ లారీ ఎప్పుడు అని నల్ల బల్ల మీద సుద్దముక్కతో రాయడానికి ఏ జీవో కావాలి?

అన్నిటికంటే గట్టిగా అడగాల్సింది ఇంకొకటి. కొరత పేరు చెప్పి ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా, దిగుమతి కానీ, ఎగుమతి నిషేధం కానీ, రాయితీ అమ్మకం కానీ, అది ఎప్పుడు ఆగుతుందో మొదటి రోజే చెప్పాలి. యార్డులో ధర ఇంతకు దిగితే నిషేధం దానంతటదే పోతుందని ఉత్తర్వులోనే ఉండాలి. ఆర్డరు పెట్టే ముందు ఈ సరుకు రేవుకు ఏ వారం వస్తుంది, ఆ వారం పొలం నుంచి ఎంత వస్తుంది అని చూసుకోవాలి. నిషేధం పెట్టడానికి ఒక రాత్రి చాలింది, ఎత్తడానికి అయిదున్నర నెలలు పట్టింది 2019లో. 2023లో అయిదు నెలలు. ఆ నెలల ఖరీదు కట్టింది ఉల్లి రైతు. రేపు మన మినుముకో, ధాన్యానికో ఇదే జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నూకల ఎగుమతి 2022 సెప్టెంబరులో, తెల్ల బియ్యం ఎగుమతి 2023 జూలైలో ఆపినప్పుడు డెల్టా రైతుకు ఆ రుచి తెలిసిందే.

ఇంకో చీటీ వచ్చింది: "ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, మనం చేసుకోగలిగింది లేదా?" ఉంది, కొంచెం. లంక గ్రామాల్లో కూరగాయలు పండించే మన సభ్యులు ధర చూసి ఒకేసారి నాటడం మానుకుని, పక్క పక్క చేల వాళ్లు పది పదిహేను రోజుల ఎడంతో నాటుకుంటే కోత ఒక్క వారంలో మీద పడదు. బెండ, వంగ వేసేవాళ్లలో కొందరు ఇప్పటికే అలా చేస్తున్నారు. రొయ్యల చెరువుల వాళ్లు పట్టుబడి రోజులు మాట్లాడుకుని ఐసు, లారీ కలిసి కుదుర్చుకోవచ్చు. అయితే దీన్ని మేం ఎక్కువ చేసి చెప్పం. కౌలు గడువు నెత్తి మీదున్నవాడికి పదిహేను రోజులు ఆగి నాటమంటే కుదరదు. సొంత భూమి ఉన్నవాళ్లు వెనక నాటి, కౌలుదారుకు ముందు వారం వదలాలి. అది మన శాఖల్లో కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని.

ఈ అంశాలతో వినతిపత్రం రాశాం. మచిలీపట్నంలో జాయింట్ కలెక్టరుకు ఇస్తాం, నకలు మార్కెటింగ్ శాఖకు. దానికి ఒక పట్టిక జత చేయాలనుకుంటున్నాం. మన మండలాల్లో పండే ఒక్కో సరుకు కోసిన తర్వాత ఎన్ని రోజులు ఆగుతుంది, ఏ నెలలో ఎక్కువ వస్తుంది, ఏ నెలలో ఉండదు అని. మోపిదేవి, ఘంటసాల, నాగాయలంక, కోడూరు శాఖల వాళ్లు తమ ఊళ్ల వివరాలు రాసివ్వాలి. కాగితాలు బల్ల దగ్గర ఉన్నాయి. భోజనానికి లేచే ముందు తీసుకోండి. అరటి, కంద వేసేవాళ్లు ముందు రండి, ఆ వరుసలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.